ముందుకాయ ఎవరు

పదవీ విరమణకు పదిహేను నెలలు మిగిలి ఉండగా, ఏప్రిల్ మొదటి సోమవారం ఉదయం, సుక్మా జిల్లా కొంటా బ్లాకులోని గొల్లపల్లి పశు ఔషధాలయంలో చేరాను. అక్కడికి పోస్టింగ్ నాకది మూడోసారి. మొదటిసారి చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లేదు. బస్తర్ అంతా ఒకే జిల్లా. మా జీతాల కాగితాలు జగదల్‌పూర్ నుంచి వచ్చేవి, వానాకాలంలో అవీ వచ్చేవి కావు.

నా హోదా పేరు సహాయక పశువైద్య క్షేత్ర అధికారి. పేరు చూసి అధికారి అనుకోవద్దు. మా శాఖలో పట్టా పొందిన డాక్టరు పైన ఉంటాడు, ఆయన కింద మేము. ఊళ్లు తిరిగి టీకాలు వేయడం, పుండ్లు కడగడం, కోడెలకు విత్తులు నొక్కి ఎద్దులు చేయడం, వేసిన టీకాలకు రిజిస్టరు రాయడం మా పని. డాక్టరు కొంటా ఆసుపత్రిలో కూర్చుంటాడు, గొల్లపల్లి వంటి ఔషధాలయాలు ఆయన అజమాయిషీలో నడుస్తాయి. జనానికి ఈ తేడాలు అక్కర్లేదు. సూది పట్టుకుని వచ్చినవాడు ఎవడైనా సూదిసారే.

మా నాన్న కోస్తా నుంచి బైలాడిలా గనుల్లో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. నేను గనుల టౌన్‌షిప్పులో, క్వార్టర్ల మధ్య, నల్లా నీళ్లు తాగి పెరిగాను. తెలుగు, హిందీ రెండూ వచ్చు కాబట్టి కొంటా బ్లాకుకు నాకన్నా తగినవాడు లేడని శాఖవాళ్లు అనేవారు, నేనూ నమ్మాను. ఇక్కడి దోర్ల గిరిజనుల మాట కూడా పట్టుబడింది. ముప్పై ఆరేళ్ల సర్వీసులో పదకొండేళ్లు బీజాపూర్ వైపు పోగా, మిగిలినదంతా ఈ ప్రాంతంలోనే గడిచింది. ఈ ఊళ్ల సంగతి నాకు తెలిసినంత మా శాఖలో ఎవరికీ తెలియదన్నది నా గర్వం. ఈ కథంతా ఆ గర్వం గురించే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

గొల్లపల్లి నుంచి అడవి దారిన మోటారుసైకిలు మీద గంటన్నర పోతే వెదురుపాడు అనే దోర్ల ఊరు వస్తుంది. నా సర్వీసు మొత్తంలో లొంగని ఊరు అదొక్కటే. మేము టీకాల డబ్బాతో వస్తున్నామన్న కబురు ఎలా అందేదో తెలియదు, మేము చేరేసరికి ఊళ్లో ఒక్క గొడ్డు ఉండేది కాదు. అన్నిటినీ వాగు అవతలికి తోలేసేవారు. అడిగితే మేతకు పోయాయనేవారు. మా పర్యటన రిజిస్టరులో ఊరి పేరు, తేదీ, వేసిన టీకాలు, వేయలేకపోతే కారణం అని గడులు ఉంటాయి. వెదురుపాడుకు ఎదురుగా ప్రతి ఏడాదీ ‘గ్రామస్థుల సహకారం లేదు’ అని రాసేవాణ్ణి. కారణం గడిలో ‘మూఢనమ్మకం’ అని రాసేవాణ్ణి. పై అధికారులు సంతకం పెట్టేవారు.

నేను మూడోసారి చేరిన ఆ ఏడాది ఆషాఢంలో వెదురుపాడుకు గురకవ్యాధి వచ్చింది. హిందీలో గల్‌ఘోటూ అంటారు. తొలకరి పడి నేల తడిసిన రోజుల్లో వస్తుంది. పొద్దున అరక దున్నిన ఎద్దు సాయంత్రానికి గొంతు వాచి గురక పెడుతుంది, మర్నాటికి మిగలదు. వచ్చాక వైద్యం చేసే వ్యవధి దాదాపు ఉండదు. వానలకు ముందే, మే నెలలో టీకా వేసి రెండు మూడు వారాలు గడిస్తే ఒంట్లో బలం వస్తుంది. ఆ ఊళ్లో అరక కట్టే ఎద్దులు సగం పోయాయి. మనుషులు కాడి భుజానికెత్తుకుని మడి దున్నారని గొల్లపల్లి సంతలో విన్నాను. వచ్చే ఏడు వానలకు ముందు టీకా పడకపోతే మిగిలిన సగమూ పోతాయి. విరమణకు ముందు ఆ ఊళ్లో టీకా వేయాలన్నది నాకు పంతమైంది. ఊరి మీద జాలి ఉంది, కాదనను. ఆ పని నా చేతి మీద జరగాలన్న ఆశ అంతకంటే ఎక్కువ ఉంది.

ఆగస్టులో కొంటా ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చింది. పేరు ప్రీతి. ధమ్‌తరీ పిల్ల, చదువు ముగించి రెండేళ్లు కాలేదు, తెలుగు అక్షరం ముక్క రాదు. నా కూతురి కంటే చిన్నది, నాకు పై అధికారి. మొదటిసారి గొల్లపల్లి వచ్చిన రోజున నేరుగా టీకాల డబ్బా దగ్గరికి పోయి మూత తీసి, లోపలి ఐసు ప్యాకులు వేలితో నొక్కి చూసింది. అవి మెత్తబడి ఉన్నాయి. రాత్రంతా కరెంటు లేదని చెప్పాను. టీకా మందు చల్లదనం పోతే పనికిరాదు, ఈ సీసాలు పారేసి రిజిస్టరులో రాయండి రావు జీ, అంది హిందీలో. అన్నది అటెండరు ముందు, గేదెను పట్టుకుని నిలబడ్డ ఇద్దరు రైతుల ముందు. ఆమె చెప్పింది సరైనదే. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆమె జీపు ఎక్కగానే అటెండరుతో అన్నాను, ‘వచ్చిందయ్యా ఇంకో ముందుకాయ’ అని.

ఆ మాట గురించి చెప్పాలి. కొంటా బ్లాకులో తెలుగు మాట్లాడేవాళ్లందరికీ అది తెలుసు. హిందీవాళ్లూ వాడతారు. కొత్తగా వచ్చి, ఊరి తీరు తెలియకుండా, అన్నీ తనకే తెలుసన్నట్టు తిరిగేవాణ్ణి ముందుకాయ అంటారు. చేరిన వారానికే హెడ్‌మాస్టరుకు పాఠం చెప్పే టీచరు ముందుకాయ. సంతలో తరాజు సరిగా లేదని ముసలమ్మతో జగడమాడే కొత్త ఇన్‌స్పెక్టరు ముందుకాయ. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అని కోస్తాలో అంటాం చూడండి, దాదాపు ఆ అర్థమే, కాస్త కారం ఎక్కువ.

మాట పుట్టుక ఇక్కడి ఆచారంలో ఉంది. దోర్ల ఊళ్లలో మామిడికాయ పండుగ జరిగేదాకా ఎవరూ కొత్త మామిడికాయ తెంపరు, నోట పెట్టరు. నేల మీద రాలింది కూడా ముట్టరు. పూజారి ముందుగా భూమితల్లికీ, పోయిన పెద్దలకూ పెట్టాలి, ఆ తరవాతే మనుషులు తినాలి. చిక్కుడుకు, కొత్త బియ్యానికి కూడా ఇలాంటి పండుగలే ఉన్నాయి. పండుగకు ముందే కాయ తెంపి తిన్నవాడు ముందుకాయ.

బీజాపూర్ నుంచి తిరిగి వచ్చాక కొంటా బజారులో ఒక టీ హోటలు దగ్గర ఆ మాట మొదటిసారి విన్నాను. ఎక్కడిదని అడిగితే, ఎవడో గవర్నమెంటోడు వెనకట కాయ తెంపిండంట సారూ, అన్నాడు హోటలాయన. అంతే చెప్పాడు. గవర్నమెంటోడంటే రేంజరే అయి ఉంటాడని నేను తీర్మానించాను. అడవి ఊళ్లలో ఏ చెడ్డపేరైనా అటవీ శాఖ మీదికి పోవడం రివాజు. పైగా రేంజరును నేను కాస్త అలంకరించాను కూడా. గుబురు మీసాలు పెట్టాను, భుజాన తుపాకి తగిలించాను, చెట్టు మీదికి గార్డును ఎక్కించి బుట్టెడు కాయలు దింపించాను. కొత్తగా చేరిన ఉద్యోగి ఎవడికైనా ఈ కథ చెప్పడం నాకొక సరదా. ఇరవై ఏళ్లలో ఎందరికి చెప్పానో లెక్క లేదు.

డాక్టరమ్మకూ చెప్పాల్సి వచ్చింది. అటెండరు నోరు ఊరుకోక ఆ పేరు బ్లాకంతా పాకి, సెప్టెంబరుకల్లా ఆమె చెవిన పడింది. గొల్లపల్లి వచ్చినప్పుడు నా ఎదురుగా కుర్చీ లాక్కుని, నన్ను ముందుకాయ అంటున్నారట, అర్థమేమిటని అడిగింది. కోపం లేదు. నేను రేంజరు కథంతా చెప్పాను, మీసాలతో సహా. ఆమె డైరీ తీసి రాసుకుంది. ఆ రేంజరు ఏ ఊళ్లో తెంపాడు అని అడిగింది. ఏదో ఊళ్లో అన్నాను. మరి నేను ఏం తినకూడదో, ఎప్పుడు తినకూడదో ఒక కాగితం మీద రాసివ్వండి అంది. ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడిగి ఎరగను. రాసిచ్చాను. తెలిసినవి నాలుగు వరుసలకు మించలేదు.

అక్కణ్ణుంచి నా కడుపుమంట మొదలైంది. మెత్తటి మాట వెతుక్కునే వయసు దాటింది కాబట్టి అసూయ అనే రాస్తున్నాను.

ఆమె ప్రతి సంత రోజూ కొంటా నుంచి వచ్చేది. టీకా మాట ఎత్తేది కాదు. మేక పిల్లల కాళ్ల పుండ్లు కడిగేది, కోళ్ల ముక్కులు చూసేది. వెదురుపాడు ఆడవాళ్లు చింతపండు అమ్ముకునే చోట నేల మీద కూర్చుని, ఇది ఏంది, అది ఏంది అని ఒక్కొక్క వస్తువే చూపించి పేర్లు అడిగేది. వాళ్లు నవ్వేవారు. రెండు నెలలకల్లా వచ్చీరాని తెలుగులో, సగం దోర్ల మాటల్లో బేరమాడటం నేర్చుకుంది. వాళ్లు ఆమెకు ఆకు దొన్నెలో ఉడకబెట్టిన ఇప్పపూలు పెట్టేవారు. నేను పక్క నుంచి పోతుంటే తలవంచుకుని చింతపండు సర్దుకునేవారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని నాలో నేను అనుకునేవాణ్ణి. ఒకసారి పైకే అన్నాను. అటెండరు విననట్టు నటించాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన ఔషధాలయం గుమ్మం దగ్గరికి వచ్చాడు. వెదురుపాడు నుంచట. ఆ ఊరి మనిషి తనంతట తాను మా గడప దాకా రావడం నేను చూడలేదు. లేచి నిలబడ్డాను, కుర్చీ చూపించాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు.

“డాక్టరమ్మ లేదా?” అన్నాడు.

శుక్రవారం వస్తుందని, పనేమిటో నాకు చెప్పమని అన్నాను.

“ఏం లేదులే. శుక్కురారమే వస్త,” అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. ముప్పై ఆరేళ్లు ఈ అడవుల్లో మలేరియా జ్వరాలు పడి, వాగులు ఈది, రెండుసార్లు మోటారుసైకిలు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాణ్ణి నేను. మూడు నెలల కింద జీపు దిగిన పిల్ల కోసం వాళ్లు శుక్రవారం దాకా ఆగుతారట. కొత్తొక వింత, పాతొక రోత అని సరిపెట్టుకున్నాను గాని, మనసు సర్దుకోలేదు. ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఆ శీతాకాలం ఆమె పైవాళ్లకు పంపే నివేదికల్లో తప్పులు వెతికాను. తేదీలు, అంకెలు, ఊరి పేర్ల వరస, ఏది దొరికినా చాలనుకున్నాను. ఒక్కటీ దొరకలేదు.

ఏప్రిల్ మూడో వారంలో ఆమె ఫోను చేసింది. గురువారం వెదురుపాడులో మామిడికాయ పండుగ, పిలుపు వచ్చింది, మీరు కూడా రావాలి, పెద్దవాళ్ల మాట నాకు పూర్తిగా అర్థం కాదు అంది. వస్తూ ఒక కోడిపుంజును తెమ్మంది, నల్లది వద్దు, ఎర్రది అని కూడా చెప్పింది. ఫోను పెట్టేసి అటెండరు మీద అరిచాను. పిలుపు ఆమెకు, అనువాదం నాకు, ఆమె ఇచ్చుకునే కానుక మోసేది కూడా నేనే. అయినా గురువారం పొద్దున్నే కాళ్లు కట్టిన ఎర్ర పుంజును నా బండి హ్యాండిలుకు తగిలించుకుని, దారిలోని భద్రతా దళాల క్యాంపు గేటు దగ్గర ఇద్దరి పేర్లూ రాయించుకుని, ఆమె మోటారుసైకిలు వెనకాల బయలుదేరాను. ఆమె బండి తనే నడుపుతుంది. అదీ నాకు నచ్చేది కాదు.

ఊరి చివర, ఇళ్లకు కాస్త ఎడంగా, ఒక పాత మామిడిచెట్టు కింద నేల ఊడ్చి ఉంది. ఆకుల మీద పచ్చికాయలు కుప్పగా పోసి ఉన్నాయి. మగవాళ్లంతా గుండ్రంగా కూర్చున్నారు, ఆడవాళ్లూ పిల్లలూ వెనక నిలబడ్డారు. పూజారి స్థానంలో ఉన్నది నవంబరులో వచ్చిన ఆ ముసలాయనే. పేరు సోయం ముత్తయ్య. డాక్టరమ్మను ఆడవాళ్లలోకి తీసుకుపోయారు. నన్ను మధ్యలోకి రమ్మన్నారు. మర్యాద చేస్తున్నారనుకుని, చొక్కా సర్దుకుని పోయి కూర్చున్నాను.

ముత్తయ్య నా చేతిలోని పుంజును చూశాడు, నన్ను చూశాడు.

“ఏంది సారూ, గుర్తు పట్టలేదా? నేను నిన్ను పట్టిన,” అన్నాడు. “అప్పుడు నాకు మీసం గూడ రాలే. మా నాయన పూజారి. మా తాత దినాలు కాలేదని ఆ ఏడు పండుగ ఆగింది. నువ్వు ఐసుడబ్బా పట్టుకొని వచ్చినవ్. గొడ్లను తోలుకొచ్చేదాంక గీ చెట్టు కిందనే కూసున్నవ్. చెయ్యెత్తి కాయ తెంపినవ్. సూదుల పెట్టెల కత్తి తీసి కోసినవ్. జేబుల పొట్లం ఇప్పి ఉప్పుకారం అద్దుకొని తిన్నవ్.”

ఉప్పుకారం మాట వినగానే నాకు అంతా గుర్తుకు వచ్చింది. మా అమ్మ టౌన్‌షిప్పు నుంచి పోస్టింగుకు పంపేటప్పుడు కాగితం పొట్లాలు కట్టి ఇచ్చేది, జామకాయలకీ మామిడికాయలకీ పనికొస్తుందని. ఆ కాయ పులుపు కూడా గుర్తుకు వచ్చింది. ఆ మధ్యాహ్నం మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తలపుకు రాలేదు.

“వద్దయ్యా, ఇంక పండుగ కాలే అని మా నాయన రెండు చేతులు వట్టుకున్నడు,” అని ముత్తయ్య కొనసాగించాడు. “నువ్వు నవ్వినవ్. చెట్టుకు గూడ మీ పర్మిషన్ గావాల్నా అన్నవ్. ఇంకో కాయ తెంపి జేబుల ఏసుకున్నవ్. గొడ్లకు సూదులు ఏసి పోయినవ్. పది దినాలు కాలే, అకాల వాన పడ్డది, గొడ్లు గొంతులు వాసి పడ్డయ్. నీ చెయ్యి ఆపలేదని ఊరంత మా నాయనను అన్నరు. మళ్ల ఆయన పూజకు కూసోలే. సచ్చేదాంక కూసోలే.”

 ముత్తయ్యే మళ్లీ అందుకున్నాడు.

“అప్పటి సంది ఎవడన్న కొత్తోడు తల ఎగరేసుకుంట వస్తే, ముందుకాయ అసొంటోడు వచ్చిండు అనుడు మా ఆడోళ్లు మొదలువెట్టిన్రు. సంతల అందరికి పాకింది. డాక్టరమ్మ వచ్చి, గా రేంజరు ఏ ఊళ్లె తెంపిండు తాతా అని అడిగింది. రేంజరు ఏంది బిడ్డా, సూదిసారు గదా అన్న.”

గురివింద గింజ తన నలుపు ఎరగదని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. నాకు వెంటనే నోటికి వచ్చింది మాత్రం వైద్యం. సూది వేశాక ఒంట్లో బలం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆలోగా రోగం తగిలితే టీకా ఆపలేదు, మామిడికాయకూ దానికీ సంబంధం లేదని చెప్పబోయాను. శాస్త్రం ప్రకారం ఇప్పటికీ అదే నా అభిప్రాయం. నోరు తెరిచాను కూడా. ఆడవాళ్ల మధ్య నుంచి డాక్టరమ్మ నా వైపు చూసి చెయ్యి కొద్దిగా ఊపింది, ఇప్పుడు కాదన్నట్టు. ఊరుకున్నాను. ఆమె చెబితే ఊరుకున్నానన్నది ఆ క్షణంలోనూ నాకు మంటగానే ఉంది.

దోర్ల ఊళ్లలో తప్పు చేసినవాడు తప్పు కట్టాలి. పెద్దలు చెప్పింది తెచ్చి, ఊరి ముందు పెట్టి, చెప్పిన ప్రకారం నడుచుకుంటే ఆ మాట అంతటితో తీరిపోతుంది, మళ్లీ ఎత్తరు. నా తప్పుకు కట్టింది ఎర్ర పుంజు. డాక్టరమ్మ కానుక అనుకుని నేను దారంతా తిట్టుకుంటూ మోసుకొచ్చింది నా తప్పునే. ఇంకొక షరతు, ఆ రోజు నేను అందరికన్నా చివర తినాలి.

పుంజును అప్పగించాను. పూజ అయింది. కాయలు కోసి ముందు నేలకు పెట్టారు, పెద్దలకు పెట్టారు, తరవాత మగవాళ్లకు, ఆడవాళ్లకు, డాక్టరమ్మకు, పిల్లలకు, చంకలోని పిల్లలకు కూడా నాలుకకు రాశారు. నేను కూర్చునే ఉన్నాను. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నాకు ఎదురుగా ఆ చెట్టే ఉంది. చివరికి ముత్తయ్య టెంకను అంటుకున్న ఒక ముక్క ఆకులో పెట్టి ఇచ్చాడు. తిన్నాను. ఉప్పు లేదు.

తిరుగు దారిలో వాగు దగ్గర బళ్లు ఆపినప్పుడు డాక్టరమ్మను అడిగాను, ఈ సంగతి ఎప్పటి నుంచి తెలుసని. నవంబరు నుంచి అంది. ఆ శుక్రవారం ముత్తయ్య వచ్చింది ఈ షరతు చెప్పడానికేనట. సూదిసారు వచ్చి తప్పు కట్టేదాకా మా గొడ్లను చూపించం, నీకు కూడా చూపించం అన్నాడట. మరి ఐదు నెలలు నాకెందుకు చెప్పలేదని కాస్త గట్టిగానే అడిగాను. పండుగ రోజునే కట్టాలన్నారు రావు జీ, ముందే చెబితే మీరు వచ్చేవారా అని అడిగింది. రానని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. బండి స్టార్ట్ చేశాను.

మే నెల రెండో వారంలో టీకాల డబ్బాతో ఇద్దరం వెదురుపాడు వెళ్లాం. ఐసు ప్యాకులు నేనే రెండుసార్లు నొక్కి చూసుకున్నాను. ఊరి ముందర కట్టుగొయ్యలు పాతి, పలుపులు సిద్ధం చేసి, ఎద్దులూ ఆవులూ దూడలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆ కాయ తెంపిన ఏడాది తరవాత ఆ ఊరి పశువులను ఒక్కచోట చూడటం అదే మొదలు. డాక్టరమ్మ సిరంజి నింపి ముందుకు కదిలింది. ముత్తయ్య అడ్డం వచ్చాడు.

“నువ్వు గాదు బిడ్డా. సూది సారే ఎయ్యాలె. తప్పు తీరిందని ఊరు చూడాలె గదా.”

ఆమె మొహంలో రంగు కొంచెం మారింది. తొమ్మిది నెలలు నేల మీద కూర్చుని సాధించిన పని అది. వెంటనే సర్దుకుని, సిరంజి నా చేతికిచ్చి, రిజిస్టరు తీసుకుని పక్కన నిలబడింది. పొద్దు వాలేదాకా నేను సూదులు వేస్తూనే ఉన్నాను, ఆమె రాస్తూనే ఉంది. ఆ ఒక్కపూట ఆమె మీద నేను గెలిచినట్టు అనిపించింది. అంత జరిగాక కూడా అలా అనిపించిందన్నది దాచితే ఈ జ్ఞాపకం రాయడం దండగ. మనిషి పుంజును అప్పగించినంత తేలికగా ఓర్వలేనితనాన్ని అప్పగించలేడు.

జూన్ చివర విరమణ చేశాను. ఆ వానల్లో వెదురుపాడులో గురకవ్యాధితో ఒక్క ఎద్దు కూడా పోలేదని తరవాత అటెండరు ఫోనులో చెప్పాడు. ఊరివాళ్లు అంతా డాక్టరమ్మ చలవ అంటున్నారని కూడా చెప్పాడు. అది న్యాయమే. ఫోను మాత్రం త్వరగా పెట్టేశాను.

ఈ ఉదంతం నుంచి నేర్చుకున్నది ఒక్కటే, అది పనికి సంబంధించింది. ఒక ఊళ్లో మన పని ఏళ్ల తరబడి సాగకపోతే ఆ ఊరి స్వభావం గురించి రాసే ముందు, అక్కడికి మన శాఖ తరఫున మొదట వెళ్లినవాడు ఎవడో, వెళ్లి ఏం చేశాడో ఊరివాళ్లను అడిగి తెలుసుకోవాలి. అడిగితే చెబుతారు. నా కోసం ముప్పై ఆరేళ్లు వాళ్లు ఎదురుచూశారు, నేను అడగలేదు. ఆమె ఒక్క నవంబరులో అడిగింది.

చివరి రోజున నా స్థానంలో వచ్చిన ఉద్యోగికి రిజిస్టర్లు అప్పగిస్తూ వెదురుపాడు పేజీ తెరిచాను. వరసగా నా దస్తూరీలోనే ‘మూఢనమ్మకం, మూఢనమ్మకం’ అని కిందికి దిగుతోంది. పాత రాతలు దిద్దడం నియమాలకు విరుద్ధం కాబట్టి వాటిని కొట్టేయలేదు. పేజీ అడుగున, వ్యాఖ్యల కోసం వదిలిన జాగాలో, రాబోయేవాళ్లకు తెలిసేలా ఇలా రాసి సంతకం పెట్టాను: పై గడులలో రాసిన కారణం తప్పు. ఈ ఊళ్లో పండుగ కాకముందే మామిడికాయ తెంపి తిన్నది కింద సంతకం చేసినవాడే.